సామర్లకోటలో గీసిన చెట్లు... లండన్‌లో అచ్చయిన పుస్తకం

పాత బొమ్మల పుస్తకాలు సేకరించేవారు ఎంతో విలువైనదిగా ఎంచే ఒక గ్రంథానికి పుట్టిల్లు సామర్లకోట. దాని పేరు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’. కోరమాండల్ అంటే మన తూర్పు తీరమే.

ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బరో స్కాట్లండు దేశస్థుడు. 1780 తర్వాత సామర్లకోటలో ఉంటూ కంపెనీ తోటలో మిరియాలు వంటి పంటలు పెంచి చూశాడు. ఈ ప్రాంతపు చెట్లనూ, మొక్కలనూ దేశీయ చిత్రకారులచేత బొమ్మలు గీయించాడు. పువ్వు, కాయ, గింజ వేటికవే విడిగా చూపించడం ఆ బొమ్మల ప్రత్యేకత. 1793లో ఆయన కలకత్తా తోటకు వెళ్లిపోయాడు.

ఆ బొమ్మల్లోంచి 300 ఏరి 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. రాగిరేకుల మీద చెక్కి అచ్చుతీసి, ఒక్కొక్క కాగితానికి చేత్తో రంగులు వేశారు. 1815లో మరణించిన రాక్స్‌బరో పుస్తకం పూర్తికావడం చూడలేదు.

అందులో ఉన్నవి మనమెరిగిన చెట్లే. విస్తళ్లు కుట్టే మోదుగ, బీడీలు చుట్టే తునికి, బురదనీటిని తేర్చే చిల్లగింజ ఉన్నాయి. చెట్ల తెలుగు పేర్లు కూడా రాశారు. సోమిద అనే తెలుగు పేరే తర్వాత శాస్త్రజ్ఞులు ఆ చెట్టుకు పెట్టిన ‘సోయ్‌మిడా’ అయింది.

పూర్తి ప్రతి దొరకడం అరుదు. దొరికితే ధర లక్షల్లోనే. అందుకే కొనేవారు 300 బొమ్మలూ ఉన్నాయా, రంగులు నాటివేనా, పురుగు తొలిచిందా అని పరీక్షిస్తారు. కొందరు వర్తకులు ఇటువంటి పుస్తకాలను విప్పి బొమ్మలు విడివిడిగా అమ్ముతారు. బొమ్మ అద్దాల చట్రంలో గోడకెక్కుతుంది. చెట్టు పేరు, ఉపయోగం చెప్పే పేజీ దానికి దూరమవుతుంది. ఒకసారి విడిపోయిన పుస్తకం మళ్లీ ఒకచోట చేరడం కష్టం.

రాక్స్‌బరో గీయించిన సుమారు 2,500 బొమ్మల మూలచిత్రాలు కలకత్తా తోటలోనూ, ఇంగ్లండులోని క్యూ తోటలోనూ భద్రంగా ఉన్నాయి. కాని వాటిని గీసిన చేతులు ఎవరివో లోకానికి తెలియదు. దొర పేరు నిలిచింది, చిత్రకారుల పేర్లు నిలవలేదు.

పుస్తకం కొనే స్తోమత లేకపోయినా చూసే అవకాశం ఉంది. ‘బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ’ దీనిని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. మన ఊరి చెట్టును రెండు వందల ఏళ్లనాటి రంగుల్లో పిల్లలకు చూపించి, దాని తెలుగు పేరు చెప్పించడం ప్రతి బడిలోనూ జరగదగిన పని.