లారీ డీజిలు గొట్టపు అతుకు ఏల కారును?

హైదరాబాదులో వేసవి ముదిరిన కొలది నీటి ట్యాంకరులకు గిరాకి హెచ్చును. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వీధులలో అవి ఇండ్లముందు ఆగి సంపులు నింపుచుండును. రాత్రివేళ ఇసుక, కంకర, సిమెంటు తెచ్చు లారీలు వచ్చును. వీనిలో ఏండ్ల తరబడి పనిచేసి అలసిన బండ్లు కొన్ని కలవు. అట్టి బండి కొంతసేపు నిలిచి కదలిపోయిన పిదప రోడ్డుపై అరచేతియంత మరక మిగులును. అది ఇంజను నూనె కావచ్చును. డీజిలైనచో వాసనయే చెప్పును. డ్రైవరు పానా తెచ్చి, తడిసిన బోల్టును కొంత బిగించును. చుక్క ఆగును. నాలుగు దినములు గడచిన పిదప మరల మొదలగును. మరల బిగించును. ఇట్లు బిగించుచు పోగా ఒకనాడు మర అరిగిపోయి, బోల్టు ఊరక తిరుగునే గాని పట్టదు. అతుకును మూయునది బిగింపు బలమొక్కటే యని తలచుట వలన వచ్చిన చిక్కు ఇది. నిజమునకు దానిని మూయునది రెండు గట్టి లోహముల నడుమ నున్న ఒక మెత్తని వస్తువు.

క్షణమున కొక చుక్క కారుట స్వల్పముగ తోచును. లెక్క వేసి చూతము. ఒక మిల్లీలీటరునకు సుమారు 25 డీజిలు చుక్కలు పట్టునని అనుకొనినచో, దినమునకు గల 86,400 క్షణములలో మూడున్నర లీటర్లు నేలపాలగును. రోడ్డుపై బడిన డీజిలు నీటివలె త్వరగా ఆరిపోదు. తొలకరి చినుకు పడగానే అది నీటిపై పలుచని పొరగా వ్యాపించి, స్కూటరు చక్రములను జార్చును. వాన పెరిగినచో కాలువ పట్టును. హుస్సేన్‌సాగరు మిగులునీటి నాలా అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతముల మీదుగా సాగి మూసీలో కలియును గదా! ఇచటి లారీ కార్చిన నూనెకు అదియే దారి.

నిప్పు సంగతియు కలదు. పెట్రోలు సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలోనే మండదగినంత ఆవిరి నిచ్చును. డీజిలు అట్లు కాదు గనుక దానిని నిరపాయమని తలచువారు పెక్కురు. భారతీయ ప్రమాణముల ప్రకారము డీజిలు ఆవిరి నిప్పునందుకొను ఉష్ణోగ్రత 35 సెంటిగ్రేడు డిగ్రీలకు తగ్గరాదు. మే నెల మధ్యాహ్నము మన ఊళ్లలో గాలియే 40 డిగ్రీలు దాటుచుండగా, ఇంజను ప్రక్కనున్న డీజిలు మాట చెప్పవలెనా? పైగా రెండువందల పైచిలుకు డిగ్రీలకు వేడెక్కిన లోహముపై బడినచో అది నిప్పురవ్వ లేకయే అంటుకొనగలదు. బరువుతో ఎత్తెక్కు లారీ యొక్క పొగగొట్టము మొదలు అంతకంటె ఎక్కువ వేడిగా నుండును.

ఇక ఇంధనము పోవు దారిని చూతము. తొట్టి నుండి ఒక చిన్న పంపు డీజిలును పీల్చి, వడపోత డబ్బాకు నెట్టును. అచట శుభ్రమైన డీజిలు ఇంజెక్షన్ పంపును చేరును. అది ఒక్కొక్క సిలిండరునకు కావలసిన కొలతను మిక్కిలి పీడనముతో సన్నని ఉక్కు గొట్టముల ద్వారా పంపును. 1897 నాటి రుడాల్ఫ్ డీజెల్ ఇంజనులో ఇంధనమును లోనికి చిమ్ముటకు పెద్ద గాలి కంప్రెసరు కావలసియుండెను. జర్మనీలో బాష్ సంస్థ 1927లో చిన్న ఇంజెక్షన్ పంపులను విరివిగా తయారుచేయ నారంభించిన తరువాతనే డీజిలు ఇంజను లారీలలో వ్యాపించినది. మన దేశమున 1951లో బెంగుళూరులో నెలకొనిన మైకో సంస్థ ఈ పనికి ప్రసిద్ధి కెక్కెను. 2008లో ఆ సంస్థ పేరు బాష్‌గా మారినను, పాతతరము మెకానిక్కులకు అది మైకో పంపే.

ఈ దారిలో మూడు భాగములున్నవి. మూడింటిలోను కారుడు ఒకే తీరుగ నుండదు. తొట్టికిని చిన్న పంపునకును నడుమ పీడనము బయటి గాలి పీడనము కంటె తక్కువ. అందుచేత ఇంజను నడుచుచుండగా అచటి పగులు నుండి డీజిలు బయటికి రాదు. గాలియే లోనికి పోవును. బండి రాత్రంతయు నిలిచినప్పుడు డీజిలు వెనుకకు జారి, గొట్టములో గాలి నిండును. ఉదయము బండి ఎంత త్రిప్పినను అందుకొనదు. ద్రవమును అదిమినచో పీడనము వెంటనే హెచ్చును. గాలిని అదిమినచో అది కుంచించుకొని ఊరకుండును. పంపులోని ముషలకము శ్రమపడుట గాలిని నొక్కుటకే సరిపోవును గాని, ఇంజెక్టరు తెరచుకొనదు. నేలపై ఒక చుక్కయు లేకున్నను అతుకు చెడియుండవచ్చునని దీనివలన తెలియును.

రెండవ భాగము చిన్న పంపు మొదలు ఇంజెక్షన్ పంపు వరకు. పీడనము స్వల్పమే. మనము రోడ్డుపై చూచు చుక్కలు సాధారణముగా ఇచటివే. ఇచట వాడు అతుకునకు బాంజో బోల్టని పేరు. గొట్టము కొస నొక ఉంగరము, దానిలో నుండి దూరు బోలు బోల్టు. ఆకారము బాంజో అను తంత్రీవాద్యమును పోలును. ఉంగరమునకు ఇరువైపుల రెండు రాగి వాషరులుండును. ఉక్కు ముఖములు కంటికి నున్నగా కనబడినను వానిపై సన్నని గాడులుండును. మెత్తని రాగి బిగింపునకు లొంగి ఆ గాడులలోనికి దిగి వానిని పూడ్చును. పూడకున్న సందులో ప్రవాహము సందు ఎత్తు యొక్క ఘనమును బట్టి యుండును. సందు సగమైనచో కారుడు ఎనిమిదవ వంతగును. రెండింతలైనచో ఎనిమిది రెట్లగును. బోల్టు కొంచెము వదులైనంతనే అంత తడి ఏల వచ్చునో ఇప్పుడు తెలిసినది గదా. గాడు వాషరు చుట్టును వలయముగా నున్నచో అపాయము తక్కువ. లోపలి అంచు నుండి బయటి అంచునకు అడ్డముగ పోవు ఒక్క గీత చాలును, డీజిలుకు కాలువ త్రవ్వినట్లే.

ఒకసారి నలిగిన రాగి మరల మెత్తగా నుండదు. ఇందు గల విజ్ఞానము తరగతిలో చూపదగినది. ఒక మందపాటి రాగి తీగ ముక్కను చేతితో పదిమార్లు ఇటునటు వంచుడు. మొదట సులభముగ వంగిన తీగ రానురాను మొండికెత్తును. రాగిలోని స్ఫటికములలో పరమాణువుల వరుసలు ఒకదానిపై నొకటి జారుట వలన లోహము వంగును. జారిన కొలది ఆ వరుసలలోని లోపములు చిక్కుపడి, తదుపరి జారుటకు అడ్డుతగులును. తీగను పటకారుతో పట్టి మంటలో మసక ఎఱుపు వచ్చువరకు కాల్చి నీటిలో ముంచుడు. మరల మెత్తనగును. వేడికి చిక్కుపడిన స్ఫటికముల స్థానమున క్రొత్తవి పుట్టినవి. ఉక్కునైనచో ఇట్లు కాల్చి ముంచిన మరింత గట్టిపడును. రాగికి ఆ గుణము లేదు. మన కంచరులు బిందెను సుత్తితో కొట్టునపుడు నడుమ నడుమ కొలిమిలో పెట్టుట ఇందుకే. పాత వాషరును పదేపదే బిగించు డ్రైవరు గట్టిపడిన రాగినే ఇంకను గట్టిపరచుచున్నాడు. క్రొత్త వాషరు వేయుటయే ఉత్తమము. దాని వెల స్వల్పము. రాణీగంజు దుకాణములకు పోవు వ్యవధి లేనిచో పాతదానిని కాల్చి, పొలుసు తుడిచి, నున్నని అద్దముపై పరచిన సన్నని గరుకు కాగితముమీద గుండ్రముగ రుద్ది వాడవచ్చును. లోతైన గీతలున్న దానిని పారవేయవలెను.

బాగుచేయుటకు ముందు కారుచోటు నిజముగ ఎక్కడనో తెలియవలెను. డీజిలు తలతన్యత నీటిదానిలో సగమునకు తక్కువ. కావున అది లోహమును అంటిపెట్టుకొని గొట్టము వెంట ప్రాకి, పల్లమైన చోట చుక్కగా రాలును. చుక్క రాలుచోటు వేరు, కారుచోటు వేరు. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, అతుకులన్నిటిని గుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లినచో మొదట నల్లబడు చోటే దోషస్థానము. తరువాత బ్యాటరీ తీగ విడదీసి, రెండు పానాలు తీసికొనవలెను. ఒకటి అతుకును కదలకుండ పట్టుటకు, రెండవది బోల్టు త్రిప్పుటకు. ఒక్క పానాతో త్రిప్పినచో గొట్టమే మెలిపడును. ముందు చేతితో మరలు ఎక్కించి, గొట్టము తనంత తానుగా చోటులో కూర్చున్నదని చూచి, పిదప బిగించవలెను. గొట్టమును లాగి బలవంతముగ కూర్చినచో ఇంజను అదురునకు అది కొన్ని నెలలలో పగులును. గొట్టమును పట్టియుంచు క్లిప్పులు ఊడిపోయిన లారీలలో ఈ పగుళ్లు తరచుగ వచ్చును.

దారిలో చేయు చిట్కాలలో సబ్బు రుద్దుట మేలైనది. సబ్బు నీటిలో కరగును గాని డీజిలులో కరగదు; కావున కొంతసేపు పగులును మూసి ఇల్లు చేర్చును. బాంజో బోల్టు మరలకు దారము గాని టెఫ్లాన్ టేపు గాని చుట్టుట మాత్రము వ్యర్థము. ఇచట మూయునది మర కాదు, వాషరు ముఖము. టేపు తునకలు లోనికి పోయినచో హాని కూడ కలుగును. ఇంజెక్షన్ పంపులోని భాగముల నడుమ ఎడము రెండు మూడు మైక్రానులే. మన వెండ్రుక మందము సుమారు 70.

మూడవ భాగమైన ఉక్కు గొట్టములలో వాషరే యుండదు. శంఖువు వంటి కొస మరొక శంఖువులో కూర్చుండును. పాత ఇంజనులలోను ఇచటి పీడనము చదరపు సెంటీమీటరునకు 200 కిలోగ్రాముల వరకు, అంతకు మించియు నుండును. కారు టైరులో నుండునది రెండు కిలోగ్రాములే. ఇంజను నడుచుచుండగా ఇచటి కారుడును వ్రేలితో తడవరాదు. కంటి కగుపడని సన్నని ధార చర్మమును చీల్చి డీజిలును లోనికి చొప్పించును. పైకి సూదిపోటు వలె కనబడును, నొప్పియు మొదట స్వల్పమే. లోపల కండ చెడి వ్రేలు తీసివేయవలసి వచ్చును. అట్టి గాయమైనచో తక్షణము శస్త్రవైద్యుని కడకు పోవలెను. పరీక్షకు అట్టముక్క చాలును. అదియు దూరముగ పట్టి.

రబ్బరు గొట్టములు, రబ్బరు వలయముల సంగతి వేరు. డీజిలులోని కొన్ని పదార్థములకు అవి ఉబ్బి అతుకును మూయును. గంధకము తగ్గించు శుద్ధిలో ఆ పదార్థములును తగ్గగా ముసలి రబ్బరు కుంచించుకొనవచ్చును. 1993లో అమెరికాలో గంధకము తక్కువగు డీజిలు వచ్చినప్పుడు అనేక పాతబండ్లు ఈ కారణమున కారినవి. మన దేశమున 2020 ఏప్రిలు నుండి డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించరాదు. పాత లారీలో అతుకు విప్పినప్పుడు రబ్బరు వలయమును గోటితో నొక్కి చూచి, పెళుసైనచో మార్చుట మంచిది.

అతుకు కూర్చిన పిదప లోన జొరబడిన గాలిని తీయవలెను. వడపోత డబ్బాపై మరను కొంచెము వదులుచేసి చేతిపంపు కొట్టినచో మొదట నురుగు, పిదప తేటయైన డీజిలు వచ్చును. పంపు కొట్టుచుండగనే మర బిగించవలెను. తరువాత ఇంజను పదినిమిషములు నడిపి ఆపి, అతుకు చుట్టును మరల సుద్దపొడి చల్లి, మరునాటి ఉదయము బండి కదలకముందే చూడవలెను.