వైఫై స్లోగా ఉందా? పెద్ద ప్లాన్‌కి మారే ముందు మీ రూటర్ ఎక్కడుందో ఒక్కసారి చూడండి!

నెలనెలా 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి బిల్లు కడుతున్నారు. హాల్లో కూర్చుంటే ఫోన్‌లో వీడియోలు ఎక్కడా ఆగకుండా వస్తున్నాయి. కానీ బెడ్‌రూమ్‌లో ఉన్న కంప్యూటర్‌ దగ్గరికి వెళ్తే కథ మారిపోతుంది. ఆఫీస్ మీటింగ్ మధ్యలో బొమ్మ బిగుసుకుపోతుంది. పిల్లాడు ఆన్‌లైన్ టెస్ట్ రాసి సబ్మిట్ కొట్టే టైమ్‌కి చక్రం తిరుగుతూనే ఉంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘మా లైన్ బాగానే ఉంది సార్, ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోండి’ అంటారు. తీసుకుంటే బిల్లు పెరుగుతుంది, చక్రం మాత్రం ఆగదు. ఎందుకంటే చాలా ఇళ్లలో సమస్య బయటి నుంచి వచ్చే లైన్‌లో ఉండదు. రూటర్‌కి, కంప్యూటర్‌కి మధ్య ఉన్న ఆ పది, ఇరవై అడుగుల్లోనే ఉంటుంది.

అది తేల్చుకోవడం చాలా ఈజీ. ల్యాప్‌టాప్‌ని రూటర్ దగ్గరికి తీసుకెళ్లి, ల్యాన్ కేబుల్‌తో నేరుగా కలిపి, వైఫై ఆఫ్ చేసి స్పీడ్ టెస్ట్ పెట్టండి. 180, 190 దాకా వచ్చిందా? అయితే లైన్‌కి ఢోకా లేదు, గొడవంతా వైఫైదే. వైర్ పెట్టినా 30, 40 దాటకపోతే అప్పుడు ఆపరేటర్‌ని గట్టిగా అడగొచ్చు. ఇంకో తమాషా కూడా ఉంది. స్పీడ్ సరిగ్గా 94, 95 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే పోర్టునో, కేబుల్‌నో అనుమానించాలి. చవక రూటర్లలో చాలావాటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. కేబుల్‌ లోపల ఎనిమిది తీగలుంటాయి. అందులో ఒక్కటి తెగినా, క్లిప్పులో సరిగ్గా కూర్చోకపోయినా గిగాబిట్ పోర్టు కూడా 100కే పడిపోతుంది. అంటే మీరు 200కి డబ్బులు కడుతూ సగమే వాడుకుంటున్నారన్నమాట!

ఇక అసలు విషయం. రూటర్ ఎక్కడుంది?

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు ఫైబర్ వైరు ఎక్కడి నుంచి లోపలికి వస్తే అక్కడే బాక్స్ బిగించి వెళ్లిపోతాడు. మెయిన్ డోర్ పైన, టీవీ వెనకాల, లేదంటే షోకేస్‌లో. ఆ తర్వాత దాని మీద దుమ్ము దులపడమే తప్ప ఎవరూ కదపరు. వైఫై అంటే రేడియో తరంగం. ఇనుము కనిపిస్తే వెనక్కి తిరుగుతుంది, నీళ్లుంటే అక్కడే ఇంకిపోతుంది. రూటర్‌కి, కంప్యూటర్‌కి మధ్య స్టీల్ బీరువానో, ఫ్రిజ్జో, అక్వేరియమో, నిలువెత్తు అద్దమో ఉంటే సిగ్నల్ అక్కడే సగం చచ్చిపోతుంది. రూటర్‌ని బీరువా మీద పెట్టేవాళ్లూ ఉన్నారు. ఎత్తులో పెట్టడం మంచిదే, కానీ ఇనప రేకు మీద కాదు. ఇంటి మధ్యలో, ఓ ఐదారు అడుగుల ఎత్తున, నాలుగు వైపులా ఖాళీగా ఉండే చోటు చూడండి. ఫైబర్ వైరు పొడవు చాలకపోతే దాన్ని లాగొద్దు, మడత పెట్టొద్దు. లోపల ఉన్నది గాజు పోగు, విరిగితే బాక్స్ మీద ఎర్ర లైట్ వెలుగుతుంది. ఫైబర్ బాక్స్‌ని ఉన్నచోటే ఉంచి, అక్కడి నుంచి ల్యాన్ కేబుల్ లాగి రూటర్‌ని వేరే చోట పెట్టుకోవడమే సరైన దారి.

గోడల సంగతి కూడా చెప్పుకోవాలి. పాత ఇళ్లలో ఇటుక గోడ ఒకటి దాటినా వైఫై ఓ మాదిరిగా పనిచేస్తుంది. హైదరాబాద్‌లో కొత్తగా లేస్తున్న ఎత్తైన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల మైవాన్ పద్ధతిలో కడుతున్నారు. అక్కడ గదుల మధ్య ఇటుక ఉండదు, ప్రతి గోడా ఇనప ఊచలతో పోసిన కాంక్రీటే. కోటి రూపాయల ఫ్లాట్ కొన్నా మాస్టర్ బెడ్‌రూమ్‌లో సిగ్నల్ ఒక్క గీతే చూపించడానికి కారణం ఇదే. డూప్లెక్స్ ఇళ్లలో స్లాబ్‌తో కూడా ఇదే తంటా. కింద హాల్లో రూటర్ పెట్టి, పై గదిలో మీటింగ్ పెట్టుకుంటే తిప్పలు తప్పవు.

2.4 ఆ? 5 ఆ?

ఈ రోజుల్లో వచ్చే రూటర్లు రెండు దారుల్లో సిగ్నల్ ఇస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది, కానీ స్పీడ్ తక్కువ. 5 గిగాహెర్ట్జ్ స్పీడ్ ఎక్కువ, కానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. పైగా 2.4లో విపరీతమైన రద్దీ. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, పక్కింటి రూటర్లు అన్నీ అక్కడే. వంటింట్లో ఓవెన్ ఆన్ చేసినప్పుడల్లా మీ కాల్ తెగుతుంటే దెయ్యమేమీ కాదు, ఇదే. కంప్యూటర్ రూటర్ ఉన్న గదిలోగానీ, పక్క గదిలోగానీ ఉంటే 5కి కలపండి. దూరంగా ఉంటే 2.4కి కలపండి. 2.4లో ఛానెల్‌ని 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి మార్చుకోండి. మిగతా నంబర్లు వీటి మీద పడి పొర్లుతుంటాయి. ఇంకో మాట.. వైఫై పేరు చివర ‘5జీ’ అని కనిపిస్తే అది మొబైల్ 5జీ కాదు. 5 గిగాహెర్ట్జ్ అని చెప్పడానికి పెట్టిన గుర్తు మాత్రమే.

రూటర్ మంచిదే అయినా కంప్యూటర్‌లో ఉన్న వైఫై కార్డు పాతదైతే ఏం లాభం? విండోస్‌లో డివైజ్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్‌ కింద పేరు చూడండి. 802.11 పక్కన ‘ఏసీ’ ఉంటే వైఫై 5, ‘ఏఎక్స్’ ఉంటే వైఫై 6. ఒట్టి ‘ఎన్’ మాత్రమే ఉంటే అది 2.4లోనే పనిచేసే రకం కావొచ్చు. అలాంటి పాత ల్యాప్‌టాప్‌కి కొత్త రూటర్ కొనేకన్నా డ్యూయల్ బ్యాండ్ యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకుంటే తక్కువలో పనైపోతుంది. గోరంత ఉండే నానో అడాప్టర్లలో డబ్బా మీద ‘150’ అని ఉన్నవి కొనొద్దు. అవి 2.4 రకమే. డెస్క్‌టాప్‌ అయితే అడాప్టర్‌ని క్యాబినెట్ వెనక గుచ్చితే ఇనప పెట్టె, గోడ కలిసి సిగ్నల్‌ని మింగేస్తాయి. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని అడాప్టర్‌ని టేబుల్ మీదకి తెచ్చి పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. డ్రైవర్ కావాలంటే నెట్ ఉండాలి, నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి అనే చిక్కు వస్తే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. అసలు డెస్క్‌టాప్ ఒకే చోట కదలకుండా ఉంటుంది కాబట్టి, కుదిరితే వైఫై వదిలేసి కేబుల్ లాగడమే మేలు. క్యాట్ 5ఈ కేబుల్ చాలు, గిగాబిట్ వంద మీటర్ల దాకా తీసుకెళ్తుంది. కాకపోతే ఆ కేబుల్‌ని డాబా మీదుగా ఆరుబయట లాగొద్దు. రాగి తీగ కదా, పిడుగులు పడే కాలంలో పోర్టులు కాలిపోతాయి.

కొత్త రూటర్ కొనాల్సిందే అనుకుంటే యాంటెన్నాలు లెక్కపెట్టకండి. వైఫై 6, డ్యూయల్ బ్యాండ్, గిగాబిట్ పోర్టులు.. ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి. డబ్బా మీద ‘1500’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది 2.4లో 300, 5లో 1200 కలిపిన లెక్క. అదీ కాగితం మీదే. మీ కంప్యూటర్ ఒకసారికి ఒక దారిలోనే వెళ్తుంది, అందులో కూడా సగం వస్తే గొప్ప. వైఫై 7 రూటర్లు కూడా షాపుల్లో ఉన్నాయి. కానీ ఇంట్లో ఆ రకం ల్యాప్‌టాప్ లేనప్పుడు, 200 ప్లాన్‌కి అంత డబ్బు పోయడం దండగ.

దూరం గదుల కోసం చాలామంది రిపీటర్ కొంటారు. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడితే ఏం ఉపయోగం? లేని సిగ్నల్‌ని అది ఎక్కడి నుంచి తెస్తుంది! సగం దారిలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. అప్పుడు కూడా మామూలు రిపీటర్లలో స్పీడ్ దాదాపు సగానికి పడుతుంది. ఎందుకంటే అదే గాలిలో వినాలి, మళ్లీ అదే గాలిలో చెప్పాలి. డూప్లెక్స్‌కి, మైవాన్ ఫ్లాట్‌కి మెష్ సెట్ మేలు. వాటి మధ్య కేబుల్ వేయగలిగితే ఇంకా మేలు. ఇంట్లో మూల పడేసిన పాత రూటర్ ఉంటే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, కేబుల్‌తో కలిపి పై గదిలో వాడుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

సెట్టింగుల కోసం బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొట్టాలి. ఏది అన్నది రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. కొన్ని లోకల్ కేబుల్ ఆపరేటర్ల కనెక్షన్లకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఎక్కించాలి. పాత రూటర్ తీసేయక ముందే వాటిని అడిగి రాసుకోండి. లేకపోతే ఆదివారం పూట నెట్ లేకుండా కూర్చోవాల్సి వస్తుంది.

సెట్టింగుల్లోకి వెళ్లారు కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, సెట్టింగుల తాళం. చాలా ఇళ్లలో కొన్ననాటి పాస్‌వర్డే ఉంటుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలా పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రూటర్లనే లక్షల్లో పట్టుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3, అది లేకుంటే డబ్ల్యూపీఏ2 పెట్టండి. డబ్ల్యూపీఎస్ ఆఫ్ చేయండి. పక్కింటివాళ్లు అడిగితే కాదనలేని మొహమాటం ఉంటుంది మనకి. అలాంటప్పుడు గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి, వాళ్లు వెళ్లాక ఆఫ్ చేసేయండి. మీ కనెక్షన్‌ మీద ఎవరు ఏ తప్పుడు పని చేసినా ముందు బయటపడేది మీ పేరే.

చివరగా కరెంటు. ఇన్వర్టర్ లేని ఇంట్లో ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉన్నా రూటర్‌కి ఉండదు, మీటింగ్ అక్కడితో సరి. రూటర్ల కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొనే ముందు రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంప్స్ అని ఉందో చూసి, సరిగ్గా అన్నే వోల్టులు, కనీసం అన్ని ఆంప్స్ ఇచ్చేది తీసుకోండి. ఫైబర్ బాక్స్, రూటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ కరెంటు అందాలి. ఒకదానికే పెట్టి ‘యూపీఎస్ కొన్నా నెట్ రావట్లేదు’ అని షాపువాడితో గొడవ పడొద్దు.