4.9 వోల్టుల దగ్గర ఏం జరిగింది?

ఎలమంచిలిలో ఏ పాత ఇంట్లో ట్యూబ్‌లైట్ వేసినా లోపల జరిగేది ఒకటే. ఎలక్ట్రాన్లు పాదరసం ఆవిరిలోని పరమాణువుల్ని ఢీకొంటాయి. అవి కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల్ని వదిలితే, గొట్టం లోపలి పూత వాటిని తెల్లని వెలుగుగా మారుస్తుంది.

ఈ తాకిడిలోని లెక్క 1914లో బెర్లిన్‌లో తేలింది. జేమ్స్ ఫ్రాంక్, గుస్తావ్ హెర్ట్జ్ పాదరసం ఆవిరి ఉన్న గాజు గొట్టానికి వోల్టేజీని కొంచెం కొంచెంగా పెంచుతూ పోయారు. కరెంటూ పెరిగింది. 4.9 వోల్టులు రాగానే దభాలున పడిపోయింది! మళ్ళీ పెరిగింది, మరో 4.9 వోల్టులకు మళ్ళీ పడింది.

పాదరసం పరమాణువు ఎలక్ట్రాన్ కన్నా దాదాపు 3.7 లక్షల రెట్లు బరువు. నెమ్మదిగా వచ్చిన ఎలక్ట్రాన్ గోడకు కొట్టిన బంతిలా, దాదాపు ఏమీ పోగొట్టుకోకుండా వెనక్కి వస్తుంది. 4.9 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటే మాత్రం అంతా ఇచ్చేస్తుంది, అందుకే కరెంటు పడిపోయింది. రెండో మూడో ఇస్తానంటే పరమాణువు పుచ్చుకోదు.

పరమాణువులో శక్తి మెట్లు మెట్లుగా ఉంటుందని 1913లోనే నీల్స్ బోర్ చెప్పారు. అయినా ఆ ఇద్దరూ మొదట పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోతోందనే అనుకున్నారు. అసలు అర్థం చెప్పింది బోరే. 1925 నోబెల్ మాత్రం న్యాయంగా ఫ్రాంక్, హెర్ట్జ్‌లకే దక్కింది.

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త కె.రంగధామరావు ఇలాంటి శక్తి మెట్లనే వర్ణపటాల్లో చదివే పరిశోధనకు పునాది వేశారు. ఫిజిక్స్ చదివే పిల్లలు ల్యాబులో అవకాశం దొరికితే ఫ్రాంక్-హెర్ట్జ్ ప్రయోగం చేసి, కరెంటు పడిపోవడాన్ని స్వయంగా చూడాలి.