వైద్యశాలలో మన మాట

భివండీ మరమగ్గములపై జీవించు మన తెలుగు కుటుంబములలో ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. తల్లికి జబ్బు చేయును. ఐదవ తరగతి చదువు కుమారుడు బడి మాని ఆమె వెంట ఆసుపత్రికి పోవును. ఏలయన ఆ యింటిలో మరాఠీ, హిందీ వచ్చినది వానికే. తల్లి "కండ్లు తిరుగుచున్నవి" అనును. పిల్లవాడు దానిని మాటకు మాటగా మార్చి చెప్పును. అది తలతిప్పుటయో, కంటిజబ్బో వినువారికి బోధపడదు. ఇక స్త్రీలకు మాత్రమే చెప్పుకొనదగిన బాధను పదేండ్ల కొడుకు నోట ఏ తల్లి చెప్పించగలదు? చెప్పకయే తిరిగివచ్చును.

ఈ చిక్కు మన కొక్కరికే కలిగినది కాదు. ఈ మహారాష్ట్రముననే, తెలంగాణ పొలిమేరను ఆనుకొని గడ్చిరోలి జిల్లా కలదు. అచ్చట గోండులు మొదలగు ఆదివాసులు పెక్కుమంది. సిరోంచ ప్రాంతమున తెలుగువారును కలరు. డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు 1986లో ఆ జిల్లాయందు 'సెర్చ్' అను సంస్థను స్థాపించిరి. ఆసుపత్రికి ఏల రారని ఆదివాసులనే అడిగిరి. పెద్ద భవనములన్న వారికి భయము. తెల్లని దుస్తులన్న మరియు భయము. శవముపై కప్పునది తెల్లబట్టయే గదా! రోగియొద్ద బంధువులను ఉండనీయరనుట వేరొక కష్టము. అందుచే గోండుపల్లెను పోలిన చిన్న కుటీరములతో వైద్యశాల కట్టబడినది. వారి దేవతయైన దంతేశ్వరి పేరే దానికి పెట్టబడినది. కట్టుటకంటె ముందుగా అడుగుటయే గొప్ప పనియని నా అభిప్రాయము.

ఆ సంస్థవారు పల్లెలలోని స్త్రీలకే నవజాత శిశుసంరక్షణ నేర్పిరి. 39 గ్రామములలో జరిగిన ఈ ప్రయత్నపు ఫలితములు 1999లో 'లాన్సెట్' వైద్యపత్రికలో వెలువడినవి. పోలికకై ఎన్నుకొన్న గ్రామములతో చూడగా, పుట్టిన నెలలోపలి శిశుమరణములు మూడవ యేటికి సుమారు 62 శాతము తగ్గినవి. సేవ చేసిన స్త్రీలు ఆ యూరివారే. తమిళనాడులోని గూడలూరున 1990లో వెలసిన ఆదివాసీ ఆసుపత్రిలో ఆదివాసీ యువతులే నర్సులైరి. సముద్రముల కావల ఆస్ట్రేలియాలోను, అచ్చటి ఆదివాసులు 1971లో సిడ్నీయందలి రెడ్‌ఫర్న్‌లో తమ వైద్యశాలను తామే నెలకొల్పుకొనిరి.

మన ఆచారములన్నియు మంచివేయని చెప్పుట లేదు. ముఱ్ఱుపాలు పిండి పారబోయు అలవాటు కొన్ని యిండ్లలో నేటికిని కలదు. అది బిడ్డకు కీడు. పరభాషలో ఎవరైన గద్దించినచో బాలింత తల యూపి, ఇంటికి వచ్చి తన పద్ధతినే నడపును. పథ్యమన నేమో ఎరిగిన తెలుగు నర్సు "చెల్లీ" యని ప్రక్కన కూర్చుండి చెప్పినచో వినును.

అట్టి నర్సు ఎచ్చటినుండి రావలెను? మన బడినుండియే. పండ్రెండవ తరగతి పిదప ఏ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం. శిక్షణలు కలవు. పదవ తరగతి కాగానే అమ్మాయిని కండెలు చుట్టుటకు కూర్చుండబెట్టిన తలుపు అచ్చటనే మూసికొనును. తెలుగును, మరాఠీని రెంటిని చక్కగా నేర్చిన పిల్లకు ఆసుపత్రిలో ఉండు విలువ వేరు.

అంతవరకు, ఆసుపత్రికి పోవునపుడు మరాఠీ తెలిసిన పొరుగింటి స్త్రీని తోడు తీసికొనిపొండు. బాధ ఎన్నాళ్లనుండి కలదో, ఏ మందులు వాడితిరో ఒక కాగితముపై ముందే వ్రాయించుకొనుడు. పిల్లవానిని బడికి పంపుడు.