పసుపు గీత నుంచి పదహారు కణాల లెక్క దాకా

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యుడు పూర్తిగా మరుగైన వ్యవధి గరిష్ఠంగా 6 నిమిషాల 47 సెకన్లు. అంత సుదీర్ఘ గ్రహణాలు అరుదు. నీడ దారి ముందే లెక్కగట్టి ఫ్రాన్స్ నుంచి ఖగోళవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్‌సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు.

సూర్యబింబం అంచున ఎగిసే ఎర్రటి జ్వాలలేమిటో తేల్చుకోవాలన్నది వాళ్ల పట్టుదల. వర్ణపటదర్శినిలోంచి చూస్తే రంగుల పట్టీకి బదులు విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే అది వేడికి వెలుగుతున్న వాయువు. అందులో ఎక్కువ భాగం హైడ్రోజన్.

ఆ గీతల మెరుపు చూసి జాన్సెన్‌కు ఒక ఆలోచన తట్టింది: వీటిని గ్రహణం లేకుండానే చూడలేమా? మర్నాడు, 19న, పట్టపగలే చూశాడు. పట్టకం పగటి వెలుగును రంగులుగా విడదీసి పరిచేస్తుంది కాబట్టి అది పలచబడుతుంది. జ్వాల కాంతి మాత్రం కొన్ని సన్నని గీతల్లోనే ఇమిడి ఉంటుంది గనుక పలచబడదు, పైకి తేలి కనిపిస్తుంది. ‘హీలియం గుంటూరులో దొరికింది’ అని మనం గర్వంగా చెప్పుకుంటాం. నన్నడిగితే, గ్రహణం కోసం ఏళ్లు ఎదురుచూడాల్సిన అవసరం లేకుండా చేసిన ఈ పద్ధతే గుంటూరుకు అసలైన కీర్తి.

ఎందుకంటే గ్రహణం రోజు కనిపించిన గీతల్లో ఒకటైన పసుపు గీతను చాలామంది సోడియందే అనుకున్నారు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ గీత చోటు 587.6. తేడా రెండు నానోమీటర్ల లోపే, అంటే మిల్లీమీటరును పది లక్షల వంతులు చేస్తే అందులో రెండు వంతులు మించదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళవేత్త నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే జ్వాలలను పరిశీలించాడు. ఆ గీత సోడియంది కాదని, భూమ్మీద ఎరగని మూలకానిదని వాదించాడు. 1895లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి అదే గీతనిచ్చే వాయువును, అంటే హీలియంను, రాబట్టేదాకా సందేహాలు తీరలేదు.

భూమి గాలిలో పది లక్షల అణువులకు హీలియం సుమారు ఐదే. విశ్వంలోని మామూలు పదార్థంలో మాత్రం బరువు లెక్కన అది పావు వంతు. నక్షత్రాలు హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తూనే ఉంటాయి, నిజమే. కానీ 1380 కోట్ల ఏళ్లలో అవన్నీ కలిసి చేసింది ఇందులో కొద్ది భాగమే. మిగతాదంతా విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లోనే తయారైంది.

దీని లెక్క కాగితం మీద వేసుకోవచ్చు. కొన్ని నిమిషాలు గడిచేసరికి ప్రతి ఏడు ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ మిగిలింది. పదహారు కణాలు తీసుకుంటే 14 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు. ఆ రెండు న్యూట్రాన్లు రెండు ప్రోటాన్లతో కలిస్తే ఒక హీలియం కేంద్రకం. మిగిలిన 12 ప్రోటాన్లు హైడ్రోజన్. పదహారులో నాలుగు, అంటే 25 శాతం! నక్షత్రాల బూడిద పెద్దగా కలవని చిన్న గెలాక్సీల వాయువులో కొలిస్తే 24 నుంచి 25 శాతం మధ్యే వస్తోంది. విశ్వం పుట్టుక గురించి చెప్పే సిద్ధాంతాన్ని నేను మనస్ఫూర్తిగా నమ్మడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. ఒంటరి న్యూట్రాన్ ఎక్కువ కాలం నిలవదు, ప్రోటాన్‌గా మారిపోతుంది. దాని సగటు ఆయుష్షును బట్టే ఆనాడు ఎన్ని న్యూట్రాన్లు మిగిలాయన్నది తేలుతుంది. న్యూట్రాన్లను పాత్రలో బంధించి లెక్కిస్తే సుమారు 878 సెకన్లు వస్తోంది. పుంజంగా పంపి, పుట్టిన ప్రోటాన్లను లెక్కిస్తే సుమారు 888. రెండు పద్ధతులకూ మధ్య ఉన్న ఈ పది సెకన్లు ఎక్కడివో ఎవరూ తేల్చలేదు. ఆ తేడా వల్ల విశ్వపు తొలి హీలియం వాటా దాదాపు 0.2 శాతం పాయింట్లు అటూ ఇటూ అవుతుంది.