రాయి మిత్రులది, మెరుగు సూరత్‌ది.. మరి గిరాకీ?

సూరత్: ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో దాదాపు తొమ్మిది ఈ నగర కార్మికుల చేతుల మీదుగానే సాగుతాయి. అయితే సూరత్‌లో వజ్రపు గని ఒక్కటీ లేదు. ముడిరాయి రష్యా నుంచి, ఆఫ్రికా నుంచి రావాలి. మెరుగుపెట్టిన రాయి అమెరికా, ఐరోపా దుకాణాలకు చేరాలి. ఈ రెండు దారుల్లో ఏది మూసుకుపోయినా ముందుగా ఆగేది వరాఛా, కతార్‌గాం వాడల్లోని సానచక్రమే. వర్ధమాన దేశాల కూటమి 'బ్రిక్స్' సహకారం ఎంతదూరం వస్తుందో తేల్చేందుకు సూరత్ ఒక గీటురాయి.

బ్రెజిల్, రష్యా, భారత్, చైనా నేతల తొలి శిఖరాగ్ర సదస్సు 2009లో రష్యాలోని ఎకటెరిన్‌బర్గ్‌లో జరిగింది. తర్వాత దక్షిణాఫ్రికా చేరింది. 2024లో ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, యు.ఎ.ఇ., 2025లో ఇండొనేషియా సభ్యత్వం పొందాయి. దీనితో గనులున్న రష్యా, దక్షిణాఫ్రికా, ముడి వజ్రాల సంతగా పేరుపడిన దుబాయి, సానపట్టే సూరత్ ఒకే కూటమి నీడకు చేరినట్లయింది. కృష్ణాతీరాన కొల్లూరు గనులు అడుగంటిన తర్వాత ముడిరాయికి విదేశాలపై ఆధారపడుతున్న భారత్‌కు ఇది చిన్న విషయం కాదు.

ఉక్రెయిన్ యుద్ధం ఈ చెలిమికి పరీక్ష పెట్టింది. రష్యా గనుల సంస్థ అల్‌రోసాపై 2022లో అమెరికా ఆంక్షలు విధించింది. 2024 మార్చి నుంచి జి-7 దేశాలు మరో అడుగు ముందుకు వేసి, ఇతర దేశాల్లో సానపట్టిన రష్యా వజ్రాలనూ నిషేధించాయి. తొలుత ఒక క్యారెట్, ఆపై బరువున్న రాళ్లకు, అదే సెప్టెంబరు నుంచి అర క్యారెట్ రాళ్లకు ఇది వర్తించింది. తిరుగుబాటుదారుల వజ్రాలను అడ్డుకునేందుకు 2003లో అమల్లోకి వచ్చిన కింబర్లీ ప్రక్రియతో నిమిత్తం లేకుండానే ఈ నిబంధనలు వచ్చాయి.

దీనికి బదులుగా 2024 అక్టోబరులో కజాన్ సదస్సు, ముడి వజ్రాల వ్యాపారాన్ని నియంత్రించే ఏకైక ప్రభుత్వాంతర ధ్రువీకరణ విధానం కింబర్లీయేనని ప్రకటించింది. ఆఫ్రికా గనుల దేశాలతో కలిసి ఏర్పడిన సహకార వేదికను ప్రస్తావించింది. అయితే ఆ వేదిక అనధికారికమైనది. కూటమికి సైతం శాశ్వత సచివాలయం లేదు, ఏకాభిప్రాయమే ఆధారం.

అసలు చిక్కు వేరే ఉంది. మిత్రదేశాలు ముడిరాయి ఇవ్వగలవు గాని గిరాకీని ఇవ్వలేవు. మెరుగుపెట్టిన వజ్రాలకు పెద్ద విపణి అమెరికాయే. కూటమిలోని చైనాలో కొనుగోళ్లు తగ్గాయి. ప్రయోగశాల వజ్రాలు ధరలను దిగలాగాయి. 2024 ఆగస్టులో సూరత్‌లోని ఒక పెద్ద సంస్థ సుమారు 50 వేల మంది సిబ్బందికి పది రోజుల సెలవు ప్రకటించింది. 2025 మేలో గుజరాత్ ప్రభుత్వం పని కోల్పోయిన కార్మికుల పిల్లల బడి ఫీజులకు సాయం ప్రకటించవలసి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది.

ఒక్కో రాయికి ఇంత అని కూలి పొందే కార్మికునికి సదస్సుల ప్రకటనల కన్నా రోజుకు ఎన్ని రాళ్లు చేతికి వచ్చాయన్నదే ముఖ్యం. 2026లో బ్రిక్స్ సారథ్యం, కింబర్లీ అధ్యక్ష స్థానం రెండూ భారత్‌కే దక్కాయి. ముడిరాయికి దారి చూపిన కూటమి, మెరిసే రాయికి బేరం కూడా చూపగలదా అన్నదే సూరత్ ప్రశ్న.