గాలిమర ఎక్కి పనిచేస్తారా?

అనంతపురం నుంచి ఉరవకొండ వైపు బస్సులో వెళ్లేవారికి, రామగిరి కొండల పక్కగా ప్రయాణం చేసేవారికి పొడవాటి తెల్లని స్తంభాలు, వాటి కొసన తాపీగా తిరిగే మూడేసి రెక్కలు కనిపిస్తాయి. తిరుమల వెళ్లినవారు కాకులకొండ దగ్గర వీటిని చూసే ఉంటారు. గాలి తోస్తే రెక్క తిరుగుతుంది, రెక్క తిరిగితే కరెంటు పుడుతుంది. ఈ మాట ఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు. మరి అది చెడిపోతే బాగుచేసేది ఎవరు?

ఇంట్లో ఫ్యాను ఆగిపోతే స్టూలు వేసుకుని ఎక్కుతాం. ఈ ఫ్యాను 80 మీటర్ల ఎత్తున ఉంటుంది. కొత్తగా కట్టేవి 100 మీటర్లు కూడా దాటుతున్నాయి. దాన్ని ఎక్కి, నూనె చూసి, బోల్టు బిగించి, తీగలు పరీక్షించి దిగివచ్చే మనిషిని గాలిమర టెక్నీషియన్ అంటారు. పదో తరగతి తరువాత ఏం చదవాలా అని ఆలోచించే మీలో కొందరికి ఈ ఉద్యోగం నచ్చవచ్చు. నచ్చేముందు అందులో ఏముందో తెలుసుకోవాలి కదా! రండి, ఒకసారి మనం కూడా పైకి ఎక్కి చూద్దాం.

ఉక్కు స్తంభం లోపల డొల్లగా ఉంటుంది. గోడకు నిచ్చెన బిగించి ఉంటుంది. రెండు మెట్ల మధ్య 30 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే 80 మీటర్లకు ఎన్ని మెట్లో మీరే లెక్క వేయండి. కొన్ని స్తంభాల్లో ఇద్దరు పట్టే చిన్న లిఫ్టు ఉంటుంది. అది పనిచేయని రోజున నిచ్చెనే గతి! పైకి చేరితే బస్సంత గది. దాని పేరు నాసెల్. రెక్కల ఇరుసు ఇందులోకి వస్తుంది. అది నిమిషానికి పది నుంచి ఇరవై చుట్లు మాత్రమే తిరుగుతుంది. జనరేటరుకు ఆ వేగం చాలదు. అందుకని మధ్యలో గేర్ బాక్సు పెట్టి దాన్ని వెయ్యి, పదిహేను వందల చుట్లకు పెంచుతారు. గేర్లు లేని రకాలూ ఉన్నాయి, వాటిలో జనరేటరే పెద్ద చక్రంలా ఉంటుంది. పుట్టిన కరెంటు చాలా యంత్రాల్లో 690 వోల్టులు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని 33,000 వోల్టులకు పెంచి లైన్లకు అందిస్తుంది.

గది పైకప్పు మీద గాలి వేగం కొలిచే గిన్నెల చక్రం, దిక్కు చూపే తోక ఉంటాయి. గాలి దిక్కు మారితే మోటార్లు గదిని మొత్తంగా అటు తిప్పుతాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది. గది ఒకే వైపు తిరుగుతూ పోతే కిందికి వేలాడే కేబుళ్లు జడలా మెలిపడతాయి. నాలుగైదు మెలికలు పడ్డాక యంత్రం తనంతట తానే ఆగి, వెనక్కు తిరిగి, ఆ మెలిక విప్పుకొంటుంది!

గాలి సెకనుకు మూడు మీటర్లకు తగ్గితే యంత్రం పనిచేయదు. ఇరవై అయిదు మీటర్లు దాటితే రెక్కలను గాలికి అంచు చూపేలా తిప్పుకొని నిలిచిపోతుంది. అంత గాలిని వదులుకోవడం ఎందుకని అడుగుతారేమో. గాలి వేగం రెండింతలైతే దానిలోని సామర్థ్యం ఎనిమిదింతలవుతుంది. తుఫాను గాలికి ఎదురు నిలిస్తే రెక్క విరుగుతుంది.

ఈ ఎనిమిదింతల లెక్కే టెక్నీషియన్ క్యాలెండరును కూడా నిర్ణయిస్తుంది. మన రాయలసీమలో నైరుతి రుతుపవనాల నెలల్లో గాలి బలంగా వీస్తుంది. 2 మెగావాట్ల యంత్రం ఆ రోజుల్లో పూర్తి సామర్థ్యంతో ఒక రోజంతా తిరిగితే 48,000 యూనిట్లు. అప్పుడు ఆగిపోతే ఆ నష్టం తిరిగిరాదు. పైగా గాలి హోరులో పైకి ఎక్కి పనిచేయడం ప్రమాదం. అందుకని పెద్ద మరమ్మతులు, నూనె మార్పిళ్లు గాలి తక్కువగా ఉండే నెలల్లోనే ముగించాలని చూస్తారు. ఎండలు ముదిరాక ఆ ఇనుప స్తంభం లోపల ఎంత ఉక్కపోతో చెప్పనక్కరలేదు.

ఇంతకూ పైన చేసే పనేమిటి? ఎక్కువ భాగం బోల్టులు బిగించడమే. ఇదా ఇంత గొప్ప ఉద్యోగం అని నవ్వకండి. నిమిషానికి 15 చుట్లు చొప్పున ఒక్క రోజు తిరిగితే 21,600 చుట్లు. ప్రతి చుట్టులోను రెక్క బరువు ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతుంది. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచుతూ ఉంటే కాసేపటికి పుటుక్కున తెగడం మీరు చూసే ఉంటారు. లోహం అలసిపోవడం అంటే అదే. సరిగా బిగించిన బోల్టు కొద్దిగా సాగి, సాగిన స్ప్రింగులా రెండు భాగాలను పట్టి ఉంచుతుంది. వదులైన బోల్టు ప్రతి చుట్టుకూ దెబ్బ తింటుంది. మరీ బిగిస్తే బోల్టే తెగుతుంది. అందుచేత మామూలు పానాతో, చేతి అంచనాతో బిగించరు. ఎంత బల భ్రామకం పెట్టాలో పుస్తకంలో రాసి ఉంటుంది. అంతే కొలిచి పెట్టే టార్క్ రెంచి వాడతారు. బిగించాక నట్టు మీదుగా బోల్టు మీదికి రంగుతో ఒక గీత గీస్తారు. మరుసటిసారి వచ్చేటప్పటికి ఆ గీత విడిపోయి ఉంటే నట్టు కదిలిందన్నమాట. ఎంత చవకైన పరికరమో చూడండి!

గేర్ బాక్సు నూనె కొద్దిగా సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపుతారు. అందులో ఇనుప రజను పెరిగితే లోపల పళ్లు అరుగుతున్నాయని అర్థం. డాక్టరు రక్తపరీక్ష చేయించడం వంటిదే ఇది. రెక్కల కొసన పడే పిడుగును నేలలోకి దింపే రాగి తీగ ఎక్కడా తెగలేదని నిరోధం కొలిచి చూస్తారు.

ఇక ప్రమాదం సంగతి. దీన్ని దాచి ఉద్యోగం గొప్పగా వర్ణించడం నాకు ఇష్టం లేదు. 80 మీటర్ల నుంచి పడిన వస్తువు నేలను చేరడానికి నాలుగు సెకన్లు చాలు. గురుత్వ త్వరణం 10 అనుకుంటే, నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు 40 మీటర్లు, అంటే గంటకు 144 కిలోమీటర్లు. చేతిలోంచి జారిన పానా కూడా కింద ఉన్నవాడి ప్రాణం తీస్తుంది. అందుకే పైన పనిముట్లను కూడా తాడుతో కట్టుకుంటారు.

మనిషి ఒంటికి హార్నెస్ అనే పట్టీల కవచం ఉంటుంది. దానికి తాడు కట్టుకుంటే చాలదా? చాలదు. 80 కిలోల మనిషి 2 మీటర్లు పడ్డాక సాగని తాడు 10 సెంటీమీటర్లలో ఆపిందనుకోండి. అతని మీద పడే సగటు బలం 16,800 న్యూటన్లు! తాడు తెగకపోయినా మనిషి నలిగిపోతాడు. అందుకే తాడులో మడతలు పెట్టి కుట్టిన పట్టీ ఒకటి ఉంటుంది. పడినప్పుడు ఆ కుట్లు పటపటమని ఊడుతూ పట్టీ మీటరు దాకా సాగితే, బలం 2,400 న్యూటన్లకు దిగుతుంది. పని, శక్తి పాఠంలోని సూత్రంతో ఈ రెండు అంకెలూ మీరే రాబట్టవచ్చు.

కరెంటుతో మరో జాగ్రత్త. స్విచ్చి ఆపగానే పని మొదలుపెట్టరు. ఆ స్విచ్చికి తాళం వేసి, తాళంచెవిని ఎవరిది వారు తమ జేబులో పెట్టుకుంటారు. అతను స్తంభం మీద ఉండగా కింద ఎవరో తెలియక స్విచ్చి వేయకూడదు కదా! ఆ తరువాత కూడా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, సున్నా అని చూశాకే చేయి పెడతారు. ఒంటరిగా ఎవరినీ పైకి పంపరు.

ఈ వృత్తి కొత్తదేమీ కాదు. దీన్ని మొదట తరగతి పెట్టి నేర్పినవారిలో ఒకరు బడిపంతులే అని చెప్పడానికి నాకు కొంచెం గర్వంగా ఉంది. డెన్మార్కులోని ఆస్కోవ్ అనే పల్లెలో ఒక పాఠశాల ఉండేది. అక్కడి ఉపాధ్యాయుడు పౌల్ లా కూర్ 1891లో గాలిమరతో కరెంటు తీయడం మొదలుపెట్టాడు. గాలి లేని రోజున ఎలాగ? ఆ కరెంటుతో నీటిని విడగొట్టి, హైడ్రోజన్‌ను నిలవచేసి, బడిలో దీపాలు వెలిగించాడు. హైడ్రోజన్‌లో కాస్త ఆక్సిజన్ కలిసినప్పుడు పేలి, బడి కిటికీ అద్దాలు పగిలిన సందర్భాలూ ఉన్నాయి! పల్లె యువకులకు గాలి కరెంటు పని నేర్పే తరగతులు కూడా ఆయన నడిపాడు. 1904లో అక్కడ నేర్చుకున్న యోహానెస్ యూల్ అనే కుర్రవాడే పెద్దవాడయ్యాక, 1957లో, గెడ్సర్ అనే చోట మూడు రెక్కల 200 కిలోవాట్ల గాలిమర నిర్మించాడు. పెద్దగా మరమ్మతులు లేకుండా అది 1967 వరకు తిరిగింది. ఉరవకొండ దగ్గర మీరు చూసే మూడు రెక్కల మరలు దాని వంశానివే.

మరి మీరు ఎలా మొదలుపెట్టాలి? పదో తరగతి తరువాత ఐటిఐలో ఎలక్ట్రీషియన్ లేదా ఫిట్టరు, రెండేళ్లు. లేదా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్, మెకానికల్ డిప్లొమా, మూడేళ్లు. నన్నడిగితే, చేతిపని మీద ఇష్టం ఉన్నవాడు ఐటిఐకి వెళ్లడం చిన్నతనమేమీ కాదు. తరువాత ఏదైనా కంపెనీలో అప్రెంటిస్‌గా చేరవచ్చు. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ వాయుమిత్ర పేరుతో శిక్షణ తరగతులు నడిపింది. ఎత్తున పనిచేయడం, ప్రథమ చికిత్స, మంటలార్పడం, బరువులెత్తడం నేర్పే గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ శిక్షణను చాలా కంపెనీలు అడుగుతాయి. దాన్ని రెండేళ్లకోసారి మళ్లీ పూర్తిచేయాలి. ఆడపిల్లలకూ ఇందులో అడ్డేమీ లేదు.

మొదట్లో జీతం ఎక్కువ ఆశించకండి. కాంట్రాక్టరు కింద చేరవలసి రావచ్చు. ఊరికి దూరంగా, కొండల మధ్య, పండగ రోజున కూడా యంత్రం ఆగితే వెళ్లవలసి ఉంటుంది. చేరేముందు రెండు సంగతులు అడగండి: హార్నెస్, శిక్షణ ఖర్చు ఎవరిది? ప్రమాద బీమా ఉందా? జవాబు సరిగా చెప్పనివాడి దగ్గర స్తంభం ఎక్కవద్దు.

ఎత్తంటే భయం ఉన్నవారు ఇప్పుడే నిరాశ పడనక్కరలేదు. మొదటిరోజు నిచ్చెన మీద కాళ్లు వణకడం మామూలే. పట్టీల మీద నమ్మకం కుదిరాక చాలామందికి తగ్గుతుంది. తగ్గనివారికి నేలమీదే పని ఉంది. సబ్‌స్టేషన్‌లో, కంట్రోల్ గదిలో వందల యంత్రాల అంకెలు చూస్తూ, ఏ గేర్ బాక్సు వేడెక్కిందో పసిగట్టి పైవారికి చెప్పేవాడు కూడా టెక్నీషియనే. ఐటిఐ ప్రవేశాల ప్రకటన పదో తరగతి ఫలితాలు వచ్చాక వెలువడుతుంది. మీకు దగ్గరలోని ఐటిఐలో ఏ ఏ ట్రేడులున్నాయో ఈ లోపలే ఒకసారి వెళ్లి, వర్కుషాపు కూడా చూసి రండి.